చాలని మన్ను

గౌతమి ముగ్గుపిండితో గీత గీసినప్పుడే అచ్చియ్యమ్మ నడక ఆగిపోయింది.

చెరకు నరికేసిన మడి అది. మోళ్ళు ఇంకా తీయలేదు. వాటి మధ్య కాస్త ఖాళీ చూసుకుని మనవరాలు నాలుగు పుల్లలు పాతింది. పుల్లలకు పురికొస కట్టి, దాని వెంబడి తెల్లగా గీత లాగింది. ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత పొడుగు. చేతులు గుండెల మీద పెట్టుకుంటే సరిపోయేంత వెడల్పు. అచ్చియ్యమ్మ గట్టు మీద నిలబడి ఆ గీతను చూసింది. చూడనట్టు ముఖం తిప్పుకుంది. మళ్ళీ చూసింది.

"ఏటే గుంటా అది?" అంది మనవరాలిని.

"ప్రొఫైల్, అమ్మమ్మా."

"అంటే ఏటి?"

"మన్ను లోపల ఎన్ని పొరలున్నాయో చూడ్డానికి తవ్వుతాం. మనిషి లోపల నిలబడి చూడాలి కదా, అందుకే అంత పొడుగు."

గునపం భుజాన వేసుకొచ్చిన చిన్నతల్లి నవ్వింది. ఆమెది అదే వీధి. చెరకు కొట్టుడు లేని రోజుల్లో ఏ పని దొరికితే ఆ పనికి వస్తుంది. "గొయ్యికి ఇంగిలీసు పేరెట్టేసేరత్తా. ఇంక అది గొయ్యి కాదు."

"నువ్వు నోర్మూసుకుని నీ పని సూసుకోవే" అంది అచ్చియ్యమ్మ.

గౌతమి అగ్రికల్చర్ కాలేజీలో బీఎస్సీ ముగించి, ఎమ్మెస్సీలో మన్ను చదువుతోంది. చోడవరం సంతలో ఎవరైనా "మీ మనవరాలు ఏటి సదువుతందప్పా" అని అడిగితే "మన్ను" అని చెప్పేది అచ్చియ్యమ్మ. అడిగినవాళ్ళు ఆమె విసుక్కుంటోందనుకుని వెళ్ళిపోయేవారు. తాతముత్తాతల నాటి నుంచి చెరకు తప్ప మరొకటి ఎరగని భూముల్లో మన్ను ఎలా మారిపోయిందో తేల్చి రాయమని గైడ్ చెప్పారట. మూడు ఊళ్ళలో మూడు గోతులు తవ్వాలి. మొదటిది మన మడిలోనే అని గౌతమి తానే పట్టుబట్టింది. మేనమామ బంగార్రాజు కాదనలేదు. రెండేళ్ళుగా ఆ మడి నడిమధ్యలో చెరకు గిడసబారిపోతోంది. ఎంత యూరియా జల్లినా ఆకు పచ్చబడటం లేదు. పైనుంచి వేసేదే తెలుసు గానీ, కింద ఏం జరుగుతోందో అతనికీ తెలీదు.

మనవరాలు ఆ సంగతులు చెబుతూ ఉంటే అచ్చియ్యమ్మకు గర్వంగానే ఉండేది. ఆమెకు ఎవరూ చదువు చెప్పలేదు. ఎరువుల బస్తాల మీద అక్షరాలు, బస్సుల మీద ఊళ్ళ పేర్లు కూడబలుక్కుని తనంతట తానే నేర్చుకుంది. ఆ తరవాత పకోడీల పొట్లం విప్పినా కాగితం చదవందే పారేసేది కాదు. అలాంటి ఇంట్లోంచి ఒక ఆడపిల్ల మన్నులోంచి కూడా చదువు తీస్తోందంటే గర్వం కాక మరేమిటి. కానీ ముగ్గుపిండి గీత ముందు ఆ గర్వం నిలబడలేదు.

ఆ ఇంట్లో ఒక మాటకు కట్టుబాటు ఉంది. గడప దాటేవాళ్ళు ఎవరైనా "ఎల్లొస్తాను" అనే దాటాలి. ఊరంతా అనే మాటే అది. కాకపోతే అందరూ అలవాటుగా అంటారు, అచ్చియ్యమ్మ అనిపించుకుంటుంది. ఆమె మొగుడు ఒక తెల్లవారుజామున చెరకు బండి కట్టుకుని "పోతన్నాను" అన్నాడు. అదే బండి మీద అతన్ని తిరిగి తెచ్చారు. కూతురు కనకదుర్గ జ్వరంతో అనకాపల్లి ఆసుపత్రికి బయలుదేరుతూ "ఎల్తన్నానే, ఆటో ఆగదు" అంది. అప్పటికి గౌతమి ఇంకా పలక పట్టలేదు. పిల్ల తండ్రి వేరే పెళ్ళి చేసుకుని నర్సీపట్నం పోయాడు. కనకదుర్గ పోయిన రోజు నుంచి ఈ ఇంట్లో "వస్తాను" అనే రెండో సగం లేకుండా ఆ మాట ఎవరి నోటా రానివ్వలేదు అచ్చియ్యమ్మ. బంగార్రాజు చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్తూ కూడా "అమ్మా, దొడ్లోకి ఎల్లొస్తాను" అని వెక్కిరించేవాడు. వెక్కిరింపైనా ఆమెకు చాలు. మాట మాటే.

మధ్యాహ్నానికి గొయ్యి చిన్నతల్లి భుజాల దాకా దిగింది. ఒక చివర మెట్లలా మన్ను వదిలి, మూడు వైపులా గోడలు నిటారుగా చెక్కారు. తీసిన మన్నంతా ఒక పక్కన గుట్టగా పోశారు.

గౌతమి చాకు, టేపు పట్టుకుని మెట్ల మీద కాలు పెట్టి "దిగుతన్నాను" అంది.

"ఆగు" అంది అచ్చియ్యమ్మ. "దిగొస్తానను."

"దిగొస్తానేటి అమ్మమ్మా, ఎక్కడైనా విన్నావా ఆ మాట?"

"ఇనకపోతే ఇప్పుడిను. అను ముందు."

గౌతమి చిన్నతల్లి వైపు చూసి నవ్వాపుకుంది. "సరే. దిగొస్తాను."

తల కూడా గట్టు కిందికి వెళ్ళిపోయింది. గొంతు మాత్రం పైకి వస్తోంది. పైన నల్లటి దుక్కి మన్నట. దాని కింద నాగళ్ళూ ట్రాక్టర్లూ తొక్కితొక్కి గట్టిపడిన పొరట. చెరకు వేరు అక్కడిదాకా వెళ్ళి, దిగలేక పక్కకు తిరిగిపోతోందట. ఆ కింద తుప్పు మచ్చల బంకమన్ను. అన్నిటికన్నా కింద తెల్లటి వదులు ఇసక. ఎప్పుడో ఏరు ఇటువైపు పారి ఉంటుందని గౌతమి సంబరంగా చెబుతోంది. భూమి లోపలి నుంచి మనవరాలి గొంతు వినడం అచ్చియ్యమ్మకు ఓర్చుకోరానిదయింది.

"ఒసే, మీ గైడు ఫోన్ సేస్తన్నాడు" అని కేకేసింది.

గౌతమి ఆదరాబాదరాగా పైకి వచ్చింది. గట్టు మీద పెట్టిన ఫోన్ చూసుకుంది. ఎవరూ చెయ్యలేదు. మళ్ళీ దిగింది. ఇంకాసేపటికి అచ్చియ్యమ్మ "పామే, ఆ మూల" అంది. గౌతమి మళ్ళీ ఎక్కింది. చిన్నతల్లి కర్ర పుచ్చుకుని ఆ మూల, ఈ మూల పొడిచింది. వానపాము కూడా దొరకలేదు.

గౌతమి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నవ్వడం లేదు. "అమ్మమ్మా, ఇది నా చదువు. ఆట కాదు. ఇంకోసారి అబద్ధం చెప్పేవంటే రేపు నిజం చెప్పినా నమ్మను."

పొద్దు వాలింది. మన్ను రంగులు పొద్దుటెండ గోడ మీద పడినప్పుడే చూడాలట. అందుకోసం ఒక పుస్తకం తెచ్చుకుంది గౌతమి. దాని నిండా చిన్నచిన్న రంగు బిళ్ళలు. మన్ను పెళ్ళ తీసుకుని బిళ్ళ పక్కన పెట్టి, ఏ బిళ్ళకు సరిపోతే ఆ అంకె రాసుకోవాలి. పుస్తకం కాలేజీది, మట్టి అంటకుండా గుడ్డలో చుట్టి ఉంచుకుంది. మిగిలిన పని రేపు పొద్దున్న చేసుకోవచ్చని గునపాలు, పారలు సర్దేసింది.

"అంటే ఈ రాత్రికి గొయ్యి ఇలాగే ఒదిలేస్తావేటి?" అంది అచ్చియ్యమ్మ.

"మరేం చెయ్యమంటావు?"

ఆ ఊళ్ళ వైపు, మనిషిని పూడ్చడానికి తవ్విన గొయ్యిని రాత్రి ఖాళీగా ఉంచరు. ఏ కారణంగానో ఆలస్యమైతే లోపల ఒక రాయో పొత్రమో వేస్తారు. ఖాళీ గొయ్యి ఎదురు చూస్తుందని భయం. అచ్చియ్యమ్మ మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళి, రుబ్బురోలు పొత్రాన్ని పాత చీరలో చుట్టి, చంకలో బిడ్డలా పెట్టుకుని తెచ్చింది. ఇప్పుడు చీర విప్పింది.

గౌతమి తల పట్టుకుంది. "రేపు ఫొటోలో పొత్రం కనబడితే మా గైడ్ ఏమంటారో తెలుసా? ఈ నేలలో పప్పు రుబ్బే పొర ఒకటుందని రాయమంటారు."

చిన్నతల్లి పడిపడి నవ్వింది. అచ్చియ్యమ్మ నవ్వలేదు. చిన్నతల్లి నవ్వాపి మన్ను గుట్ట వైపు చూసి, "ఇదంతా మళ్ళీ పట్టించేది ఎప్పుడో" అంది, తనకు మిగిలిన పని తలచుకుని. ఆ మాట అచ్చియ్యమ్మకు ఇంకోలా తగిలింది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి నట్టింట చిన్న గొయ్యి తవ్వి, తీసిన మన్ను అందులోనే పోసి చూశాడు. మిగిలితే ఇల్లు కలిసొస్తుంది. చాలకపోతే ఇంట్లో మనిషి తగ్గుతారు. ఆ రోజు పిడికెడు చాల్లేదు. "మన్నేటి సాలకపోడమేటి" అని మొగుడు ఇల్లు కట్టేశాడు. గృహప్రవేశం అయిన ఏడాదే బండి కట్టుకుని "పోతన్నాను" అన్నాడు.

గౌతమీ చిన్నతల్లీ ఇంటిదారి పట్టారు. అచ్చియ్యమ్మ పొత్రం చీరలో చుట్టుకుంటున్నట్టు వెనకబడింది.

నీళ్ళు గుర్తొచ్చాయి ఆమెకు. రాయి వద్దంది, నీళ్ళు వద్దనలేదు. నీళ్ళు నిండిన గొయ్యి గొయ్యి కాదు, చెరువో నుయ్యో అవుతుంది. అందులోకి పిల్ల దిగలేదు. రంగులు కరిగిపోతాయి, గోడలు పాడవుతాయి, చదువు ఇంకోచోట చూసుకుంటుంది. ఏడుస్తుంది. ఏడిస్తే ఏడవనీ. పైనే ఉండి ఏడుస్తుంది కదా.

మడి పక్క నుంచే బోరు కాలవ వెళ్తుంది. అచ్చియ్యమ్మ పార తీసుకుని కాలవ గట్టుకు మడవ తెరిచింది, కాలవలో నీళ్ళు పారితే నేరుగా గొయ్యి వైపు వచ్చేలా. మోటారు షెడ్డులోకి వెళ్ళి, కొడుకు తోసినట్టే స్టార్టరు డబ్బా మీది మీట పైకి తోసింది. దాన్ని ఆటో అంటారు. అది పైకి ఉంటే కరెంటు ఎప్పుడొచ్చినా మోటారు దానంతట అదే తిరుగుతుంది. ఇప్పుడు కరెంటు లేదు. చప్పుడు లేదు, లైటు లేదు. కాలవ ఎండి ఉంది.

మీట కిందికి దించి పోదామనుకుంది. దించలేదు. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. తాను మీట తోసింది అంతే, నీళ్ళు పంపడం తన చేతిలో లేదని సరిపెట్టుకుని ఇంటికి వచ్చింది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తెల్లారగట్ల ఎప్పుడో కన్ను మూతబడింది. లేచేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చేసింది.

"గుంట ఏదిరా?" అంది బంగార్రాజును, మనవరాలి కోసం చూస్తూ.

అతను షర్టు తొడుక్కుంటున్నాడు. "ఎప్పుడో ఎల్లిపోయింది చిన్నతల్లితో. నువ్వు పడుకున్నావని లేపొద్దంది. నాను చోడవరం ఎల్లొస్తాను."

"ఎల్లొస్తానందా?"

"ఎవురు?"

"గుంటరా."

"ఏమో, నాను పళ్ళు తోముకుంటన్నాను. ఏటందో ఏటో." అతను బండి తీశాడు.

అచ్చియ్యమ్మ చెప్పులు వేసుకోలేదు, ముఖం కడుక్కోలేదు. గట్ల మీద పడుతూ లేస్తూ నడిచింది. దూరం నుంచి మడి కనిపించింది. మన్ను గుట్ట కనిపించింది. గుట్ట అవతల చిన్నతల్లి గట్టు మీద బాసింపట్టు వేసుకుని, సంచులు వరసగా పేర్చుకుంటోంది. గౌతమి కనబడలేదు. దగ్గరకు వచ్చేకొద్దీ, కనబడని చోటి నుంచి గొంతు వినబడింది. ఏవో అంకెలు చెప్పుకుంటోంది.

గొయ్యిలో నీళ్ళు లేవు.

అది చూసి ఆమెకు ముందు హమ్మయ్య అనిపించింది. కరెంటు రాలేదు. చేసిన పని చేయనట్టే అయింది.

"వచ్చేవా?" అంది గౌతమి తల ఎత్తి. ముఖం వెలిగిపోతోంది. "చూడు అమ్మమ్మా, రంగులెంత బాగా తేలేయో. రాత్రి మావయ్య పక్క మడికి నీళ్ళు పెట్టేడేమో, అడుగంతా చెమ్మ ఊరింది. తడి మన్ను రంగే అసలు రంగు. నేను సీసాతో తడుపుకుందామనుకుంటే ఆ పని కూడా లేకుండా పోయింది."

అచ్చియ్యమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసింది. కాలు జారింది. చూసుకుంటే కాలవలో ఉంది కాలు. కాలవ నిండా బురద. నిన్న ఎండిపోయి పగుళ్ళు తీసిన కాలవ. తెరిచిన మడవ దగ్గర మన్ను కోసుకుపోయి, నీళ్ళు పారిన జాడ నాలుకలా గొయ్యి అంచు దాకా వెళ్ళి ఉంది. మోటారు షెడ్డు వైపు చూసింది. మీట ఆమె తోసిన చోటే ఉంది. దాని పక్కన ఎర్ర లైటు ఆరిపోయి ఉంది. కరెంటు వచ్చింది. రాత్రంతా ఉండి, తెల్లారి పోయింది. గొయ్యిలోకి వచ్చిన నీళ్ళన్నీ ఆ కింది తెల్లటి ఇసక తాగేసింది.

అప్పుడు కనబడింది ఆమెకు గీత. ముగ్గుపిండి గీత కాదు. గొయ్యి అంచుకు రెండు బెత్తల ఇవతల, మోళ్ళ మధ్య నుంచి వెంట్రుకంత సన్నగా పోతోంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. ఆ చీలికలోంచి చీమలు గుడ్లు నోట కరుచుకుని బయటికి వస్తున్నాయి. వరస కట్టలేదు, చెల్లాచెదరుగా పరిగెడుతున్నాయి.

"పైకి రాయే" అంది.

"వస్తా. ఆఖరి పొర శాంపిల్ ఒకటుంది."

"ఇప్పుడు రా. నాను రాత్రి నీళ్ళు ఒదిలేను ఇందులోకి."

గౌతమి గోడ మీంచి చూపు తిప్పలేదు. "నిన్న గైడ్, తరవాత పాము, ఇవాళ నీళ్ళా?"

"ఒట్టే. మడవ తెరిసేను. మోటారు ఆటోలో ఎట్టేను. గోడ పగిలింది సూడు, సీమలు ఎల్లిపోతన్నాయి."

"చిన్నతల్లక్కా, కొంచెం అమ్మమ్మను గుట్ట నీడన కూచోబెట్టు."

చిన్నతల్లి లేవబోయింది. ఈసారి అచ్చియ్యమ్మ ముఖం చూసి, లేస్తున్నదల్లా ఆగి, నేల వైపు చూసింది. చీలిక ఆమెకూ కనబడింది. "గౌతమ్మా" అంది, గొంతు మారిపోయి. కానీ గౌతమి అప్పటికే గోడ మొదట్లో వంగి, చాకుతో ఇసక పొర గీరుతోంది. చాకు ఆనిన చోట ఇసక పిండిలా రాలుతోంది. దాన్ని కవరులోకి పట్టుకుంటోంది. ఆ ఇసక మీదే పైగోడ బరువంతా నిలబడి ఉందని ఆ చదువుకున్న పిల్లకు తెలియక కాదు. వచ్చింది ఏదో పక్కమడి చెమ్మ అనుకుంటోంది.

ఏం చెప్పినా నమ్మదు. తన మాట నిన్నే చచ్చిపోయింది. అచ్చియ్యమ్మ మెట్ల వైపు నడిచి, అంచు మీద కూచుని, రెండు కాళ్ళూ గొయ్యిలోకి వదిలింది.

"నానూ దిగుతన్నాను" అంది.

ఆమె నోటి నుంచి ఆ మాట అలా సగంగా రావడం గౌతమి పుట్టి ఎరగదు. తలెత్తింది. అమ్మమ్మ కిందికి జారుతోంది. మెట్టు జిగటగా ఉంది. పోయినేడు తుంటి విరిగి అతికిన మనిషి. గౌతమి చాకూ కవరూ అక్కడే పడేసి, "ఆగు, పడిపోతావు, ఆగు" అంటూ రెండంగల్లో మెట్ల దగ్గరికి వచ్చి, అమ్మమ్మ పాదాలు రెండూ పట్టుకుని పైకి నెట్టింది.

అప్పుడు గోడ వచ్చింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిబట్టల మూట నేల మీద వేసినట్టు ఒక్క మెత్తటి చప్పుడు. గౌతమి ఇందాక వంగి ఉన్న చోటు లేదు. అక్కడి నుంచి మెట్ల దాకా మన్ను పరుచుకుంది. గౌతమి తొడల దాకా అందులో ఉండిపోయింది. అమ్మమ్మ పాదాలు ఇంకా పట్టుకునే ఉంది.

చిన్నతల్లి పార అందుకుని, మళ్ళీ పక్కన పడేసింది. పారతో తీస్తే పిల్ల కాళ్ళు తెగుతాయి. మెట్ల మీద బోర్లా పడుకుని చేతులతో తోడడం మొదలెట్టింది. అచ్చియ్యమ్మ కూడా తోడింది. గోళ్ళు లేచిపోయాయి. తోడినంతా మళ్ళీ జారుతోంది. మిగిలిన గోడ వైపు చూడకుండా తోడారు. రోడ్డు మీద ట్రాక్టరు ఆపి ఇద్దరు మగవాళ్ళు పరిగెత్తుకొచ్చి, చంకల కింద చేతులు వేసి లాగితే, ఒక చెప్పు లోపలే ఉండిపోయి, గౌతమి పైకి వచ్చింది.

అచ్చియ్యమ్మ ఆమెను ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏమవుతుందో అన్నట్టు, బురద చేతులు రెండూ చీరలో దాచుకుని పక్కన కూచుంది.

బంగార్రాజు వచ్చేసరికి గౌతమి గట్టు మీద కూచుని నీళ్ళు తాగుతోంది. చీలమండ వాచింది. అంతకు మించి ఏమీ కాలేదు. రంగుల పుస్తకం, చాకు, టేపు లోపలే ఉండిపోయాయి. పైపొరల సంచులు మాత్రం చిన్నతల్లి గట్టు మీద పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

"ఎలా పడిందే?" అన్నాడతను. "నిన్న రాయిలాగ ఉన్నాది కదే గోడ."

గౌతమి విరిగిన గోడను చూసింది. ఇప్పుడు దూరం నుంచి, తీరిగ్గా చూసింది. ఏ పొర ఎంత తడిసిందో, తడి కింది నుంచి ఊరిందో, పై నుంచి దిగిందో చూసింది. అక్కడి నుంచి చూపు నేల మీది నాలుక జాడ పట్టుకుని కాలవ దాకా వెళ్ళింది. తెరిచిన మడవ దగ్గర ఆగింది. పారతో కొట్టిన గాట్లు ఇంకా పదునుగానే ఉన్నాయి. అక్కడి నుంచి అమ్మమ్మ చేతుల మీదికి వచ్చింది చూపు. మన్ను చదివే పిల్లకు అంత చదవడం కష్టం కాదు.

ఇప్పుడు చెబుతుంది అనుకుంది అచ్చియ్యమ్మ. చెప్పనీ. అరవనీ. అరిస్తే బాగుణ్ణు.

"కింద ఇసక పొర ఉంది మావయ్యా" అంది గౌతమి. "అది జారిపోయింది. అంతే."

మధ్యాహ్నం బంగార్రాజూ చిన్నతల్లీ గొయ్యి పూడ్చారు. అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్ళమన్నా వెళ్ళలేదు. గుట్ట తరిగిపోతూ ఉంటే చూస్తూ కూచుంది. గుట్ట అయిపోయింది. అడుగున రాలిన పొడి కూడా చిన్నతల్లి పారతో గీకి పోసింది. గొయ్యి నిండలేదు. నేల మట్టానికి జానెడు లోతుగా, మనిషి పొడుగున, మనిషి వెడల్పున అలాగే ఉండిపోయింది.

"సాల్లేదు" అంది అచ్చియ్యమ్మ.

"రేపు గట్టు మన్ను రెండు గంపలు తెచ్చి పోస్తాన్లే అత్తా" అంది చిన్నతల్లి.

"వేరే మన్ను కాదే. ఇందులోది ఇందులోకే సాలాలి."

మర్నాడు పొద్దున్నే గౌతమి బయలుదేరింది. వాచిన కాలికి గుడ్డ కట్టు కట్టుకుని, భుజాన బ్యాగు, చేతిలో మన్ను సంచులు. ఒక్కొక్క సంచి మీద మార్కరుతో ఊరి పేరు, దాని కింద అంకెలు రాసి ఉన్నాయి. అచ్చియ్యమ్మ కూడబలుక్కోకుండానే చదివేసింది. ఊరి పేరు రాసుకుని ఈ ఇంట్లోంచి బయటికి వెళ్ళినది ఏదీ తిరిగి వచ్చినట్టు ఆమెకు గుర్తు లేదు. కనకదుర్గ ఆసుపత్రి చీటీ మీద కూడా ఇదే ఊరి పేరు.

ఆటో వీధి చివర ఆగి ఉంది. అచ్చియ్యమ్మ సంచుల మీద చెయ్యి వేసింది.

"ఈ మన్ను ఒదిలేసి ఎల్లవే. గొయ్యి నిండలేదు. ఇదే తగ్గింది అందులో."

గౌతమి ఆమె చెయ్యి నెమ్మదిగా తీసింది. కోపం లేదు ముఖంలో. కోపం ఉంటే చూసుకోవడం అచ్చియ్యమ్మకు తెలుసు. "ఈ మూడు సంచులకి తగ్గలేదమ్మమ్మా. నీళ్ళు తాగిన మన్ను అణిగిపోతుంది. మొన్న రాత్రంతా తాగింది కదా."

అచ్చియ్యమ్మ నోరు విప్పబోయింది. లోపల మాటలు చాలా ఉన్నాయి. గొయ్యిలోకి దిగకూడదని చేశానని, దిగకుండా ఉండటానికే చేశానని.

"తరవాతది ఎక్కడ?" అని మాత్రం అడిగింది.

"వడ్డాది అవతల. వచ్చే వారం. ఆ తరవాత బుచ్చయ్యపేటలో."

"ఎవురుంటారు నీతో గట్టు మీద?"

"ఎవరో ఒకరుంటారు." గౌతమి ఆటోలో కూచుని, సంచులు ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు మాత్రం రాకు."

ఆటో స్టార్టయింది. అచ్చియ్యమ్మ ఆటో కమ్మీ పట్టుకునే ఉంది. ఆమె ఎందుకు వదలడం లేదో ఆటో డ్రైవరుకు తెలీదు, గౌతమికి తెలుసు. చిన్నప్పుడు బడికి వెళ్తూ వీధి మలుపు దాకా మూడుసార్లు అరిచి చెప్పిన పిల్ల. ఆమె అమ్మమ్మ కళ్ళలోకి చూసింది. పెదవులు కదిలాయి.

"వెళ్తన్నాను" అంది.

ఆటో మలుపు తిరిగింది. మలుపు దగ్గర నుంచి కూడా ఏ కేకా రాలేదు.

అచ్చియ్యమ్మ ఇంట్లోకి వెళ్ళలేదు. మడి దగ్గరికి నడిచింది. రాత్రి చిన్న జల్లు పడింది. పూడ్చిన చోటు ఇంకాస్త కుంగి ఉంది, అంచులు మళ్ళీ స్పష్టంగా తేలి ఉన్నాయి. గట్టు మీంచి మన్ను చీర కొంగులోకి తీసుకుని అందులో పోసింది. మళ్ళీ తీసుకుని మళ్ళీ పోసింది. తొక్కి చదును చేద్దామని ఒక కాలు పెట్టింది. పాదం మెత్తగా చీలమండ దాకా దిగిపోయింది. లాగబోతే రాలేదు. ఇంకా కిందికి లాగుతున్నట్టు, లోపల ఎక్కడో ఇంకా తాగుతూనే ఉన్నట్టు అనిపించింది.

కాలు తీసుకోకుండా అలాగే నిలబడి, వడ్డాది రోడ్డు వైపు చూసింది.